అట్టపెట్టె మీద పేరు

“ఆటల మీద పరిశోధన ఏమిటమ్మా, అదీ మూతపడ్డ కంపెనీ మీద?” అన్నాడు కమిటీలో పెద్దాయన. మిగతావాళ్ళు నవ్వారు. రెండేళ్ళ కిందటి మాట. డాక్టరేట్ అయ్యాక చేద్దామనుకున్న పనికి ప్రతిపాదన రాసుకుని ఒక విశ్వవిద్యాలయంలో నిపుణుల ముందు కూర్చున్నాను. కంప్యూటర్ ఆటలకు స్త్రీలు రాసిన కథలు, ముఖ్యంగా సియెర్రా ఆన్‌లైన్ అనే అమెరికన్ సంస్థలో వాళ్ళు చేసిన పని, ఆ సంస్థ కూలిపోయాక ఆ పని ఏమైందన్నది నా విషయం. “కామర్స్ వాళ్ళకి పంపండి ఈ కాగితాలు” అని ఇంకొకాయన సలహా. వాళ్ళ సంగతి సరే, ఆ నవ్వులు నాకు కొత్త కాదు. కానీ ఆ బల్లకి ఆ చివర ఒక మేడమ్ కూర్చున్నారు. ఆవిడ సంకలనాలు చదివే నేను స్త్రీవాద విమర్శలోకి వచ్చాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా, ప్రేమగానే, “కొట్టుకోవటాలూ కాల్చుకోవటాలూ మగపిల్లల గోల కదమ్మా. మనకెందుకు?” అన్నారు.

ఆ “మనకెందుకు”తోనే నా పేచీ.

మాది పెదకాకాని. గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో, కొత్త బండి కొన్నవాళ్ళు శివాలయం ముందు పూజకి నిలబెట్టుకునే ఊరు. 2000లో అన్నయ్య చదువుకోసమని మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. నాకు పన్నెండేళ్ళు, మా పిన్ని కూతురికి పది. అన్నయ్య కాలేజీకి వెళ్ళగానే మేమిద్దరం దాని ముందు చేరేవాళ్ళం. గుంటూరులో ఎవరో కాపీ కొట్టి అమ్మిన సీడీ ఒకటుండేది, అందులో బోలెడు ఆటలు. కార్లవీ తుపాకులవీ అన్నయ్యవి. మాకు మిగిలింది ఎవరూ తెరవని ఒక పాత ఆట. దాన్లో ఒక అమ్మాయి. పేరు రోజెల్లా. తండ్రి జబ్బుపడి మంచాన ఉంటే ఆయన్ని బతికించే పండు తేవడానికి ముక్కూమొహం తెలియని దేశానికి ఒక్కతే పోతుంది. ఏం చేయాలన్నా మనం ఇంగ్లీషులో టైపు చేయాలి. తలుపు తెరువు, చెట్టెక్కు, కప్పని తీసుకో. మాకు ఇంగ్లీషు క్రియలు వచ్చింది అక్కడే, బడిలో కాదు. ఒకచోట ఏడుగురు మరుగుజ్జుల ఇంట్లోకి వెళితే ఇల్లంతా చిందరవందరగా ఉంటుంది. శుభ్రం చేస్తే వాళ్ళు వచ్చి అన్నం పెడతారు. మా చెల్లెలు తల పట్టుకుని, “ఇక్కడ కూడా ఊడవాలా అక్కా!” అంది. ఊడిచాం. చివర్లో ఒక యువకుడు పెళ్ళిచేసుకోమంటాడు. రోజెల్లా వద్దంటుంది, ఇంటికెళ్ళాలి అంటుంది. మా ఇద్దరికీ తెలిసిన కథల్లో పెళ్ళి వద్దన్న రాజకుమారి అదే మొదలు.

అది ‘కింగ్స్ క్వెస్ట్’ వరసలో నాలుగోది, 1988లో వచ్చింది. రాసింది రాబర్టా విలియమ్స్ అనే స్త్రీ అని నాకు ఎం.ఏ.లో గానీ తెలియలేదు. కాపీ సీడీకి అట్టపెట్టె ఉండదు కదా. అసలు పెట్టె మీద ఆమె పేరుంటుంది, నవల అట్ట మీద రచయిత్రి పేరున్నట్టు.

ఆమె సంగతి కొంచెం వివరంగానే చెప్పాలి. 1979 నాటికి కాలిఫోర్నియాలో ఇద్దరు చిన్నపిల్లల తల్లి. భర్త కెన్ ప్రోగ్రామర్. ఆయన ఇంటికి తెచ్చిన టెర్మినల్ మీద ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ అనే ఆట ఆడి వదలలేకపోయింది. బొమ్మల్లేవు, అన్నీ అక్షరాలే. నువ్వొక గుహలో ఉన్నావు, ఎటు వెళతావు అని అడిగే ఆట. (ఇక్కడొక పిడకల వేట. ఆ ఆటకి మూలపురుషుడు విల్ క్రౌథర్ అని ప్రతి పుస్తకమూ రాస్తుంది. ఆ గుహ నిజమైనది, కెంటకీలో ఉంది. అక్కడి కొలతల్ని కంప్యూటర్ పటాలుగా మార్చినవాళ్ళలో అప్పటి అతని భార్య ప్యాట్రిషియా ఉంది. 1972లో రెండు మహా గుహల మధ్య దారి కనుక్కున్న బృందంలోనూ ఉంది. విడాకులయ్యాక కూతుళ్ళని మురిపించడానికి అతను ఆట రాశాడని చెప్పేటప్పుడు ఆమె “మాజీ భార్య” అవుతుంది. అంతే.) అలాంటి ఆటలు అయిపోయాక రాబర్టా వంటింటి బల్ల దగ్గర కూర్చుని కాగితాల మీద తనే ఒకటి అల్లింది. ఒక పాత ఇల్లు, ఒక్కొక్కరే హత్యకు గురవుతున్న మనుషులు. దీనికి బొమ్మలు కావాలంది. అప్పటిదాకా ఇలాంటి ఆటకి బొమ్మలు లేవు. కెన్ ఆ సమయంలో ఆపిల్ కంప్యూటర్ కోసం ఫోర్ట్రాన్ కంపైలర్ చేసి డబ్బు సంపాదించాలన్న ఆలోచనలో ఉన్నాడు. ఆమె పట్టుబట్టి ఒప్పించింది. డెబ్భై బొమ్మలు తనే గీసింది. 1980లో ‘మిస్టరీ హౌస్’ వచ్చింది. జిప్ సంచీలో ఒక డిస్కూ, ఒక కాగితమూ పెట్టి ఇంటినుంచే అమ్మారు. ఫోన్ మోగితే వంటింట్లోంచే తీసేవారు.

మిస్టరీ హౌస్‌ని బొమ్మలున్న మొదటి సాహస ఆటగా చరిత్రకారులు ఒప్పుకుంటారు. అయినా ‘సియెర్రా స్థాపకుడు’ అన్నప్పుడు ముందు ఎవరి పేరొస్తుందో చూడండి. ఆయన వ్యాపారవేత్త, ఆవిడ ఇంట్లో తోచక కథలల్లిన ఇల్లాలు. మనకిది కొత్త విషయమా? 1902 నాటి బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ని 1910 నాటి ‘దిద్దుబాటు’ ముందు నిలబెట్టడానికి ఎన్ని పేజీలు ఖర్చుపెట్టామో మనకి తెలుసు. కథ ఎక్కడ మొదలైందన్నది మనకి ప్రాణప్రదమైన ప్రశ్న. అదే ప్రశ్న పక్క వీధిలో వినబడితే మాత్రం “మనకెందుకు”?

మేడమ్ తరఫున నేనే ఒక వాదం చేస్తాను. రాబర్టాని నెత్తిన పెట్టుకుంటే చిక్కులున్నాయి. 1981లో వాళ్ళ సంస్థ ‘సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్’ అనే ఆటని అమ్మింది. మగాడు ఆడవాళ్ళ వెంట పడటమే ఆట. దాని అట్ట మీద వేడినీళ్ళ తొట్టెలో బట్టల్లేకుండా ఉన్న ముగ్గురు ఆడవాళ్ళలో ఒకరు రాబర్టా. తర్వాత అదే సంస్థ ఆ సరుకుకే మెరుగులు దిద్ది 1987లో ‘లెజర్ సూట్ లారీ’గా అమ్మి బాగా సంపాదించింది. 1995లో రాబర్టా ‘ఫాంటస్మగోరియా’ రాసింది. ఏడు సీడీలు, నిజమైన నటీనటులు. నవలా రచయిత్రి ఏడ్రియెన్ భర్తతో పాతబంగళా కొనుక్కుంటుంది, భర్తని దెయ్యం ఆవహిస్తుంది. అతను ఆమెని బలాత్కారం చేసే దృశ్యం అందులో ఉంది. ఆస్ట్రేలియాలో ఆ ఆటని నిషేధించారు, అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థ అమ్మనంది. అయినా విపరీతంగా అమ్ముడుపోయింది.

ఆ దృశ్యం చూసినప్పుడు నాకు కడుపులో తిప్పింది. ఇప్పటికీ దాని గురించి ఒక నిర్ణయానికి రాలేకపోతున్నాను. దెయ్యం పట్టిన భర్త అంటే భర్త తప్పేమీ లేదనే కదా అని ఒకసారి అనిపిస్తుంది. బయటినుంచి వచ్చిన ఎవరో దుర్మార్గుడు కాక మొగుడే ఆ పని చేస్తాడనీ, ఆ అద్దంలో మొహం చూసుకుంటూ నిలబడ్డ ఆమె పక్కనే మౌస్ పట్టుకుని మనల్ని కూర్చోబెట్టిందనీ ఇంకోసారి అనిపిస్తుంది. మన దేశపు చట్టం ఈనాటికీ భర్త చేసిన దాన్ని అత్యాచారం అనటానికి ఒప్పుకోలేదు. ఆ ఆట మగ విమర్శకులకి ‘అశ్లీలమా కాదా’ అన్న చర్చ. మనం అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి, అవి ముప్పయ్యేళ్ళుగా అడగకుండా పడి ఉన్నాయి. చలాన్ని వదలకుండా, పొగిడీ తిట్టీ చదివిన వాళ్ళం మనం. రచయిత పవిత్రంగా లేకపోతే చదవమని ఎప్పుడన్నా అన్నామా?

పైగా అక్కడున్నది రాబర్టా ఒక్కతే కాదు. ‘గాబ్రియేల్ నైట్’ రాసిన జేన్ జెన్సెన్, ‘క్వెస్ట్ ఫర్ గ్లోరీ’ని భర్తతో కలిసి రూపొందించిన లోరీ ఆన్ కోల్, ఆర్థర్ రాజు కథని ఆటగా చేసిన క్రిస్టీ మార్క్స్, లోరెలై షానన్. ఒకే సంస్థలో, ఒకే కాలంలో ఇంతమంది స్త్రీలు కథలు చెప్పారు. ఏ భాషలోనైనా ఒక పత్రిక చుట్టూ ఇంతమంది రచయిత్రులు చేరి ఉంటే దానిమీద ఈపాటికి మూడు సెమినార్లు జరిగి ఉండేవి.

ఇక పతనం. 1996లో సీయూసీ ఇంటర్నేషనల్ అనే సంస్థ సియెర్రాని కొంది, వంద కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన షేర్లిచ్చి. సీయూసీ ఆటలు చేసే సంస్థ కాదు. సభ్యత్వాలూ డిస్కౌంట్లూ అమ్ముకునే వ్యాపారం దానిది. దాని అధిపతి వాల్టర్ ఫోర్బ్స్ అంతకుముందే సియెర్రా బోర్డులో కూర్చుని ఉన్నాడు. 1997 చివర్లో అది ఇంకోదాంతో కలిసి సెండెంట్ అయింది. 1998 ఏప్రిల్ 15న లెక్కల్లో దొంగతనం బయటపడింది. లేని ఆదాయాన్ని ఉన్నట్టు ఏళ్ళ తరబడి రాసుకుంటూ వచ్చారు. మర్నాడు ఒక్కరోజులో షేరు విలువ దాదాపు సగం పోయింది. తెలుగువాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కరలేదు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు ఉత్తరం రాసిన రోజు మనం టీవీల ముందు ఎలా కూర్చున్నామో గుర్తు తెచ్చుకుంటే చాలు. ఫోర్బ్స్‌కి 2007లో పన్నెండేళ్ళ ఏడు నెలల జైలుశిక్ష పడింది.

సెండెంట్ తన ఆటల విభాగాన్ని ఒక ఫ్రెంచి సంస్థకి అమ్మేసింది. 1999 ఫిబ్రవరి 22, సోమవారం, కొండల కింద ఓక్‌హర్స్ట్ అనే చిన్న ఊళ్ళో సియెర్రా మొదట పెరిగిన స్టూడియోని మూసేశారు. వందమందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ రోజుని ‘రంపపు సోమవారం’ అని పిలుచుకుంటారు. చెట్లు నరికే యంత్రపు రంపం. రాబర్టా చివరి కింగ్స్ క్వెస్ట్ అంతకుముందు ఏడాదే వచ్చింది, దాన్ని తన ఇష్టప్రకారం చేయనివ్వలేదు. ఆ ఏడాదే ఆమె ఆటల పని మానేసింది. సియెర్రా అన్న పేరు మాత్రం చేతులు మారుతూ 2008 దాకా బతికింది. ఆమె మళ్ళీ ఒక ఆటతో వచ్చింది 2023లో. ఇంట్లో టెర్మినల్ మీద తను ఆడిన ఆ గుహ ఆటనే తిరిగి చేసింది.

ఈ పతనం గురించి రాసినవాళ్ళు అంకెలు రాస్తారు. వాటాదారులకి ఎంత పోయింది, ఎవరు ఎవర్ని మోసం చేశారు. కెన్ విలియమ్స్ కూడా పుస్తకం రాశాడు. ఓక్‌హర్స్ట్‌లో ఆ సోమవారం పెట్టెల్లో సామాన్లు సర్దుకున్న ఆడవాళ్ళు, చిత్రకారిణులూ పరీక్షకులూ ఫోన్‌లో ఆటగాళ్ళకి చిక్కుముళ్ళు విప్పి చెప్పినవాళ్ళూ, ఏమయ్యారని అడిగినవాళ్ళు తక్కువ. మా వైపు మిరప ధర పడిపోయినప్పుడు కూడా ఇంతే. 2017లో ధర కుప్పకూలితే పేపర్ల నిండా క్వింటా రేట్లు, యార్డులో టిక్కీల గుట్టలు, రైతుల గోడు, కమీషన్ ఏజెంట్ల మాటలు. రైతు గోడు నిజమే, కాదనను. కానీ ముక్కుకి గుడ్డ కట్టుకుని తొడిమలు తీసి కిలోకింతని కూలి పుచ్చుకునే ఆడవాళ్ళకి ఆ సీజన్ ఏమైందో ఏ పేపరూ రాయలేదు. మా వీధిలోంచి వెళ్ళేవాళ్ళు కాబట్టి నాకు తెలుసు. ఆ వేసవి పొద్దున్నే ఆటో రాలేదు, వాళ్ళు వెళ్ళలేదు.

ఇప్పుడు మా చెల్లెలి దగ్గరకి రావాలి.

రోజెల్లా చేత ఇల్లు ఊడిపించిన ఆ పిల్ల బొమ్మలు వేసేది. డిగ్రీ అయ్యాక యానిమేషన్ కోర్సు చేస్తానని బాబాయితో నెల్లాళ్ళు పోట్లాడి హైదరాబాద్ వెళ్ళింది. అవి హైదరాబాద్‌లో ఆటల తయారీ మీద ఆశలు మొలిచిన ఏళ్ళు. 2009లో ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ అనే హైదరాబాద్ సంస్థ చేసిన ‘గజని’ ఆట మార్కెట్లోకి వచ్చింది. ఆమిర్ ఖాన్ సినిమా ఆధారంగా, మన దేశపు తొలి త్రీడీ కంప్యూటర్ ఆట అన్న ప్రచారంతో. అదే ఏడాది అరోనా అనే ఇంకో హైదరాబాద్ సంస్థ సోనీ ప్లేస్టేషన్‌కి హనుమంతుడి మీద ఆట చేసింది. గజనిలో కల్పనని ముందు చంపుతారు, తర్వాత ఆట మొదలవుతుంది. పగ తీర్చుకునేవాడి చేతులు మనవి. పన్నెండేళ్ళప్పుడు మేం ఆడిన ఆటలో తండ్రి కోసం బయల్దేరిన అమ్మాయికీ, బటన్ నొక్కేలోపు శవమైపోవాల్సిన ఈ అమ్మాయికీ మధ్య ఇరవయ్యేళ్ళ తేడా ఉంది, మెరుగైంది బొమ్మల నాణ్యత. తీస్తున్నవాళ్ళలో కథ రాసే గదిలో ఆడవాళ్ళు లేకపోతే ఏమవుతుందో అని నేను చెల్లెలితో అంటే, “రాసే గది ఎక్కడుందక్కా, మాకు వచ్చేది పని జాబితా” అంది.

ఆమెకి 2011లో ఉద్యోగం వచ్చింది, పైన చెప్పిన రెండింటిలోనూ కాదు, మరోచోట. విదేశీ ఆటలకి కావలసిన వస్తువులు చేసిచ్చే పని. చెట్లు, గోడలు, పీపాలు, బావులు. ఒక రాతిగోడకి నాచు ఎక్కడ పట్టాలో, చెక్క తలుపు ఏ వైపు అరగాలో రాత్రి రెండింటి దాకా కూర్చుని చూసుకునేది. ఆటల్లో మనం చూడకుండా దాటిపోయే లోకమంతా ఇలాంటివాళ్ళ చేతిపనే. ఏ ఆటకి చేస్తున్నదీ బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. ఆట చివర పేర్ల జాబితాలో ఆ స్టూడియో పేరు ఒక గీతలో వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. ఇంట్లో ఏం చేస్తున్నావే అని అడిగితే “బావి చేస్తున్నా పెద్దమ్మా” అనేది మా అమ్మతో. అమ్మ నవ్వేది.

2013లో ఒక శుక్రవారం మధ్యాహ్నం మీటింగుకి పిలిచి, విదేశీ సంస్థ పని ఆపేసిందని చెప్పి, సాయంత్రానికి గుర్తింపు కార్డులు తీసుకున్నారు. కంప్యూటర్లు అప్పటికే తాళం పడి ఉన్నాయి. రెండేళ్ళ పనిలో ఒక్క బొమ్మ కూడా తనతో తెచ్చుకోలేదు. తెచ్చుకున్నా చూపించకూడదు. ఇంకో చోటికి వెళితే “నువ్వేం చేశావో చూపించు” అంటారు. చూపించటానికి ఏమీ లేదు. ఆమెతోపాటు పనిచేసిన ఇద్దరు కుర్రాళ్ళదీ అదే స్థితి, కానీ వాళ్ళు అమీర్‌పేట గదిలోనే ఉండి ఆర్నెల్లు అప్పులు చేసి వెతుక్కున్నారు. ఒకడు తర్వాత సొంత సంస్థ పెట్టాడు, ‘ఓటమి నేర్పిన పాఠాలు’ గురించి కాలేజీల్లో మాట్లాడతాడట. మా చెల్లెలికి ఆర్నెల్లు ఇవ్వలేదు. “కంపెనీ ఎత్తేశారుగా, ఇంకేంటి” అన్నాడు బాబాయి. సంబంధం అప్పటికే చూసి ఉంచారు. స్టూడియో మూతపడటం మా ఇంట్లో ఎవరికీ దుర్వార్త కాలేదు. ముహూర్తానికి అడ్డు తొలగింది.

ఇలాంటి స్టూడియోలు ఎందుకు నిలవలేదని అడిగితే దొంగ కాపీలు, పెట్టుబడి, మార్కెట్ అని జవాబులొస్తాయి. అవన్నీ నిజాలే. మేమూ కాపీ సీడీ మీద ఆడినవాళ్ళమే, నీతులు చెప్పను. కానీ సంస్థ కూలినప్పుడు ఎవరి చేతిలో ఏం మిగిలింది అన్న లెక్క ఎవరు వేయాలి? వాటాల లెక్క కామర్స్ వాళ్ళు వేస్తారు. రాబర్టా పేరు పెట్టె మీద ఉంది కాబట్టి సంస్థ పోయినా ఆమె పోలేదు, పాతికేళ్ళ తర్వాత తిరిగొచ్చి పని మొదలెట్టగలిగింది. పేరు లేనివాళ్ళకి ఆ దారి లేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఊరూరా తిరిగి సాయుధ పోరాటంలో అన్నం వండిన, ఉత్తరాలు మోసిన ఆడవాళ్ళ మాటలు రికార్డు చేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు కూడా, అది చరిత్ర శాఖ పనికదా మనకెందుకని ఎవరో అనే ఉంటారు. వాళ్ళు వినలేదు కాబట్టి మనం ఇక్కడున్నాం.

మేడమ్, మీమీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ మీ మనవరాలు రోజుకి ఎన్ని గంటలు ఏ కథలో ఉంటుందో ఒకసారి ఆమె పక్కన కూర్చుని చూడండి. ఆ కథ ఎవరు రాశారో, అందులో ఆడపిల్ల ఎన్నో నిమిషంలో చస్తుందో చూడండి. కవిత్వంలో ఒక్క విశేషణం మీద మనం ఇరవై పేజీలు రాస్తాం. హైదరాబాద్, బెంగుళూరు స్టూడియోల్లో పదేళ్ళూ పదిహేనేళ్ళూ పనిచేసి ఇళ్ళకి చేరిన ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంకా గుర్తున్నాయి వాళ్ళకి, చేసినవి. టేప్ రికార్డర్ ఖర్చు కూడా లేదిప్పుడు, ఫోన్ చాలు. కమిటీ డబ్బివ్వకపోయినా నేను మొదలుపెట్టాను. ఇప్పటికి ఏడుగురు మాట్లాడారు. నలుగురు పేరు వేయొద్దన్నారు. సంతకం చేసిన కాగితానికి ఇంకా భయపడుతున్నారు.

ఎనిమిదో మనిషి మా చెల్లెలు. మొన్న సంక్రాంతికి పెదకాకాని వచ్చినప్పుడు రికార్డు చేద్దామని కూర్చున్నాం. వాళ్ళబ్బాయికి తొమ్మిదేళ్ళు, పక్కనే పాత ఆటేదో ఆడుతున్నాడు. పాడుబడ్డ ఊరు, గుర్రం మీద ఎవడో వెళుతున్నాడు. మాట్లాడుతున్నదల్లా ఆగిపోయి లేచి టీవీ దగ్గరకి వెళ్ళింది.

“వెనక్కి పో. వెనక్కి. ఆ బావి దగ్గర ఆగు.”

వాడు విసుక్కుంటూ గుర్రాన్ని తిప్పాడు. గిలక ఒకవైపు ఒరిగిన రాతిబావి. వరసలో మూడో రాయి కొంచెం చిట్లి ఉంది. మా పెరట్లో బావి మూడో రాయీ అలాగే చిట్లి ఉంటుంది.

“ఇది నేను చేశా” అంది.

“నువ్వా?” అని వాడు నవ్వి, ఆట మొదటి పేజీకి వెళ్ళి పేర్ల జాబితా తెరిచాడు. అమ్మ పేరు చూపించమన్నాడు. పేర్లు కిందనుంచి పైకి పోతున్నాయి, చాలాసేపు. మేం ముగ్గురం చివరిదాకా చూశాం.